గడియారం బాగుంది, గుమాస్తా ఏడీ?

టెక్సాస్‌లో ఉన్న మనవాళ్ళకి ఈ మధ్య ఒక సరదా పట్టుకుంది. పెళ్ళి కుదిరిన జంటని కారెక్కించి, వెనకాల కెమెరా కుర్రాళ్ళని వేసుకుని, ఏదో ఒక పాత కౌంటీ కోర్టు ముందుకి తీసుకుపోవడం. రాతి మెట్ల మీద పట్టుచీర కుచ్చెళ్ళు పరవడం, గడియారం గోపురం ఫోటోలో పడేలా అబ్బాయిచేత మోకాలు వేయించడం. వాక్సహాచీలో మా వీధి చివరికొస్తే ఆ గోపురం కనిపిస్తుంది కాబట్టి శనాదివారాలు ఈ తతంగమంతా నా కళ్ళ ముందే జరుగుతుంది. ఆ మధ్య ఒకమ్మాయి నన్ను ఆపి, “ఆంటీ, ఈ ప్యాలెస్ ఎవరిది?” అని అడిగింది.

ప్యాలెసూ కాదు, పాడూ కాదు. అది కచేరీ. ఎల్లిస్ కౌంటీ కచేరీ. భూమి కొన్నా అమ్మినా, పెళ్ళాడినా విడిపోయినా, పశువుల మీద వేసే ముద్ర నమోదు చేయించుకున్నా, చనిపోయినవారి వీలునామా చూపించుకున్నా, ఆ గడప తొక్కకుండా ఎవరికీ గడవని రోజులుండేవి. మా రోజుల్లో ఆ భవనం అందాన్ని నిలబడి చూసే తీరిక ఎవరికుంది? పనుండి వెళ్ళేవాళ్ళం, పని చూసుకుని వచ్చేవాళ్ళం. ఇప్పుడు అందరికీ అందం చూసే తీరికుంది. చూడ్డానికి అందం తప్ప ఏమీ మిగల్లేదు మరి.

నా సణుగుడు ఎందుకో అర్థం కావాలంటే నా సంగతి కాస్త చెప్పాలి. మా నాన్నగారు కృష్ణా జిల్లాలో ఓ చిన్న ఊరికి కరణం. అడంగళ్ళూ చిట్టాలూ మా ఇంట్లో బియ్యం డబ్బాల పక్కనే ఉండేవి. దస్తావేజులో చెక్కుబందీ చదివి, తూర్పున ఎవరి చేను, పడమట ఏ పుంత అని చెప్పడం నాకు లంగా ఓణీల నాటికే వచ్చు. పెళ్ళయ్యాక మా ఆయన వెంట ఇక్కడికొచ్చాను. ఆయనకి ఇదే కౌంటీలో, మిడ్లోథియన్ సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. నాకు కోర్టు ఎదురుగా ఒక టైటిల్ కంపెనీలో పని దొరికింది. ఒక నేల అమ్మకానికొస్తే, అది అమ్మేవాడిదేనా, దాని మీద అప్పులూ తగాదాలూ తేలని వాటాలూ ఉన్నాయా అని మొదట్నించీ కాగితాలు తిరగేసి తేల్చే కంపెనీ అన్నమాట. తిరగేసేది నాబోటివాళ్ళు. జీతం కంపెనీలో, జీవితం కోర్టు రికార్డు గదిలో. పక్క కౌంటీలకీ పంపిస్తుండేవారు కాబట్టి ఉత్తర టెక్సాస్ కోర్టుల గడపలు చాలానే అరగదీశాను.

టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో ముఖ్యపట్నం, కౌంటీ సీటు అంటారు. అది జనానికి దూరమైపోకూడదని 1876 రాజ్యాంగంలోనే కట్టడి పెట్టుకున్నారు. కౌంటీ నడిబొడ్డుకి అయిదు మైళ్ళ లోపల ఉన్న సీటుని అక్కణ్ణించి ఎడంగా తరలించాలంటే ఓటేసినవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. గుర్రబ్బండి మీద వచ్చే రైతు పొద్దున్న బయల్దేరి పని చూసుకుని చీకటి పడకుండా ఇంటికి చేరాలన్నదే అందులో ఆలోచన. ఇప్పటి ఆఫీసులు ఎక్కడ కడుతున్నారో చూస్తున్నారుగా! కార్లు నిలపడానికి చోటెక్కడ దొరికితే అక్కడ.

మా ఎల్లిస్ కౌంటీ 1849 డిసెంబరులో పుట్టింది. నవారో కౌంటీలోంచి ఒక ముక్క విడదీసి, 1836లో టెక్సాస్ స్వాతంత్ర్యం ప్రకటించిన సభకి అధ్యక్షుడుగా కూర్చున్న రిచర్డ్ ఎల్లిస్ పేరు దానికి పెట్టారు. ఎమరీ రోజర్స్ అనే ఆసామి ఊరికి స్థలం దానమిచ్చాడు. తొలి కోర్టు చెట్టు దుంగలు పేర్చి కట్టినది. ఇప్పుడు కనిపించేది నాలుగోది. యాభై ఏళ్ళు నిండకుండానే నాలుగు కోర్టులా అనకండి. ఈ నల్లరేగడిలో పత్తి విరగ్గాసింది, జనం పెరిగారు, దస్తావేజులు పెరిగాయి, తగాదాలు సరేసరి. పైగా 1881లో కౌంటీలు బాండ్లమ్మి కోర్టులు కట్టుకోవచ్చని శాసనసభ అనుమతిచ్చింది. ఇంకేం, పక్క కౌంటీవాడు గోపురం లేపితే మనం అంతకంటే ఎత్తు లేపాలన్న పంతం ఊరూరా పట్టుకుంది. పంతమైతేనేం, పనికొచ్చే పంతం. మన కాలంలో పంతానికి కడుతున్నవేమిటో, వాటివల్ల ఎవరికి ఏం ఒరుగుతోందో మీరే చెప్పాలి.

1895లో పని మొదలుపెట్టి 1897కి పూర్తిచేశారు. ఖర్చు ఆ రోజుల్లోనే లక్షన్నర డాలర్ల పైమాట. నమూనా గీసినవాడు జేమ్స్ రైలీ గోర్డన్. అప్పటికి అతనికి ముప్పై దాటి రెండేళ్ళో మూడేళ్ళో. టెక్సాస్‌లో అతను కట్టిన కోర్టులు డజనుకు పైనే. డికేటర్‌లో వైజ్ కౌంటీ కోర్టు చూడండి, మా దానికి కవలపిల్ల. కింద గులాబీరంగు గ్రానైటు, పైన ఎర్ర ఇసుకరాయి, మధ్యలో తొమ్మిదంతస్తుల ఎత్తని చెప్పుకునే గడియారం గోపురం.

ఆ గోపురం షోకుకి కట్టింది కాదు. గోర్డన్ బుర్రంతా అక్కడే ఉంది. భవనాన్ని సిలువ ఆకారంలో వేసి, నాలుగు మూలల్లోనూ వంపు మండపాలతో వాకిళ్ళు పెట్టాడు. నట్టనడుమ మెట్లు తిరిగే చోటు పైదాకా బోలుగా వదిలాడు. ఎండ మండిపోతుంటే లోపలి వేడిగాలి ఆ బోలులోంచి పైకెక్కి గోపురం దారిన పోతుంది. దాని వెనకే నీడ పట్టున ఉన్న మూల వాకిళ్ళలోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. కరెంటు ఫ్యాను లేదు, ఏసీ లేదు. ఆగస్టు నెలలో నూటపది డిగ్రీల ఫారన్‌హీటు ఎండలో కోటు తొడుక్కున్న ప్లీడరు స్పృహ తప్పకుండా వాదించాలిగా! తరవాతి తరాలవాళ్ళు ఏసీలు పెట్టుకుంటూ, చాలా కోర్టుల్లో ఎత్తయిన పైకప్పుల కింద అట్టముక్కల పైకప్పులు దింపారు, గాలి దారులు మూసేశారు, కిటికీలకి పెట్టెలు బిగించారు. ఆ తరవాత, పాత భవనాలు ఉక్కపోత, పనికిరావు అన్నారు. ముక్కు మూసి ఊపిరాడడం లేదంటే ఎవరిది తప్పు?

స్తంభాల తలల మీద చెక్కిన ముఖాల గురించి మీకు టూరిస్టు గైడు తప్పకుండా ఒక కథ చెబుతాడు. శిల్పి ఒకడు మేబెల్ ఫ్రేమ్ అనే పిల్ల మీద మనసు పడి మొదట ఆమె ముఖాన్ని ముద్దుగా చెక్కాడట. ఆమె కాదన్నకొద్దీ ముఖాలు వికారంగా తయారయ్యాయట. చరిత్ర తెలిసినవాళ్ళు ఎప్పుడో కొట్టిపారేసిన కథ ఇది. అయినా జనానికి ఇదే కావాలి. గాలి దారి సంగతి ఎవడికీ అక్కర్లేదు.

ఇక రికార్డు గది. దాని గురించి చెప్పకపోతే నా ఈ కోపానికి అర్థమే లేదు.

ఇనప అరల్లో పుస్తకాలు పడుకోబెట్టి ఉండేవి. నిలబెట్టడానికి వీల్లేనంత బరువు. ఒక్కొక్కటీ పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకోవాలి. అందుకే అరలకి గొట్టాల్లాంటి రోలర్లు బిగించేవారు. వీపున ఉన్న పట్టీ పుచ్చుకు లాగితే పుస్తకం దానంతటది జారి వచ్చేది. ఏటవాలు బల్ల మీద తెరిచామంటే పాత తోలు వాసన. మొదటి సంపుటాల్లో చేతిరాత. ఎంత దస్తూరీ! ఒక్క కొట్టివేత లేకుండా పేజీలకి పేజీలు. ఆ గుమాస్తా సిరా ఎక్కడ ముంచాడో కూడా తెలిసేది. అక్షరం నల్లబడి, క్రమంగా పలచబడి, మళ్ళీ నల్లబడేది. అమ్మినవారి పేర్లకొక సూచిక, కొన్నవారి పేర్లకొక సూచిక. అటు పట్టుకుని వెనక్కీ, ఇటు పట్టుకుని ముందుకీ ఎక్కుతూ దిగుతూ పోతే నేల చరిత్ర చేతికొస్తుంది.

ఇక్కడి పాత దస్తావేజుల్లో కొలత అడుగుల్లో ఉండదు, వారాల్లో ఉంటుంది. స్పెయినువాళ్ళు వదిలిపోయిన కొలబద్ద. టెక్సాస్ లెక్కలో ఒక వారా అంటే 33⅓ అంగుళాలు. ‘బోడార్క్ గుంజ దగ్గర మొదలుపెట్టి, ఉత్తరానికి ఇన్ని వారాలు నడిచి, గుర్తు కొట్టిన పోస్ట్ ఓక్ చెట్టు దాకా’ అన్న ధోరణిలో సాగుతుంది రాత. బోడార్క్ అంటే పుచ్చని ముళ్ళకర్ర. నేలలో పాతితే తరాలు నిలుస్తుంది. నాకు మాత్రం చదువుతుంటే మా నాన్నగారి గొంతే వినిపించేది. చెరువుగట్టు మీద తుమ్మచెట్టు, అక్కణ్ణించి దక్షిణంగా సర్వే రాయి అని ఆయన రాసేది ఇదేగా! తోటి పనివాళ్ళు, ఈ దేశం కాని దేశం పిల్లకి ఇంత తొందరగా ఎలా పట్టుబడిందని ఆశ్చర్యపోయేవారు. కరణం కూతురికి నేల భాష ఎవరు నేర్పాలి?

1984లో అక్కడ కరణాల ఉద్యోగాలు రద్దయ్యాక నాన్నగారు ఒకసారి ఇక్కడికి వచ్చారు. రికార్డు గదికి తీసుకెళ్ళాను. ఇంగ్లీషు ఆయనకి అంతంతమాత్రమే. పుస్తకం తెరిచి మార్జిన్లో సంపుటం నంబరూ పేజీ నంబరూ వేసిన తీరు చూశారు. “తగాదా ఏ పుటలో మొదలైందో ఇక్కడే దొరుకుతుందన్నమాట” అన్నారు. గుమాస్తా ఆయనకి కుర్చీ వేశాడు. ఎవరూ గుర్తింపు కార్డు అడగలేదు.

ఆ గదిలో ఎవరెవరు ఉండేవారని! తాతగారి పొలంలో తన వాటా వెతుక్కునే ముసలాయన, ఆయన మీద దావా వేసిన తమ్ముడు, ఆ ఇద్దరి ప్లీడర్లు, అందరూ ఒకే బల్ల దగ్గర. ముఖాలు చూసుకోకపోయినా పుస్తకం మాత్రం ఒకరి తరవాత ఒకరు అందుకోవాల్సిందే. “మీది అయిందా?” అని పలకరించక తప్పదు. అక్కడే రాజీకొచ్చిన తగాదాలు నాకు తెలుసు. జడ్జిగారి దాకా పోకుండా గుమాస్తా బల్ల దగ్గరే తేలిపోయేవి.

1990 నాటికి మా ఊరి కింద పెద్ద సొరంగం తవ్వుతామని శాస్త్రవేత్తలు దిగారు. సూపర్ కొలైడర్ అని 87 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న సొరంగం. అందులో అణువు కంటే చిన్న రేణువుల్ని పరిగెత్తించి ఢీకొట్టిస్తారట. దానికోసం రాష్ట్రం వేల ఎకరాలు సేకరించాలి. మా రికార్డు గదిలో కాలు పెట్టడానికి సందు లేకుండా పోయింది. ఇల్లు పోతున్నవాళ్ళు ఒక పక్క, కాగితాలు వెతికే మేం ఒక పక్క. మన దేశం నుంచి వచ్చిన ఫిజిక్సు పండితులు కూడా ఆ రోజుల్లో ఊళ్ళో తిరిగేవారు. 1993 అక్టోబరులో వాషింగ్టన్‌లో కాంగ్రెసు డబ్బు ఇవ్వనంది. అప్పటికి దాదాపు 200 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి, 23 కిలోమీటర్ల సొరంగం తవ్వారు. అదలాగే వదిలేశారు. చుట్టూ ఇన్ని గొప్ప పథకాలు వచ్చిపోయినా, ఎవరి నేల ఎవరు తీసుకున్నారో చెప్పే పుస్తకం మాత్రం గదిలో ఉండిపోయింది.

బయట చౌకు సంగతి చెప్పనేలేదు. టెక్సాస్ చట్టం ప్రకారం అప్పు కట్టనివాడి ఇల్లు వేలం వెయ్యాలంటే నెలలో మొదటి మంగళవారం, పొద్దున్న పదికీ సాయంత్రం నాలుక్కీ మధ్య, కోర్టు దగ్గర బహిరంగంగా పాడాలి. దానికి 21 రోజుల ముందే కోర్టు తలుపు దగ్గర నోటీసు అంటించాలి. మన ఊళ్ళలో అమీనా వచ్చి తప్పెట కొట్టించి జప్తు వేలం వేసినట్టే. చూడ్డానికి బాధగా ఉండేది, కాదనను. కానీ పాడేవాడు ఆ ఇల్లుగలవాడి కళ్ళలోకి చూస్తూ పాడాలి. పక్కింటివాడు పాడడానికి సిగ్గుపడి వెనక్కి తగ్గడం నేను చూశాను. ఇప్పుడు పన్ను బకాయి వేలాలు చాలా చోట్ల ఆన్‌లైన్లోకి వచ్చేశాయి. ఎవడి ఇల్లు ఎవడు పాడుకున్నాడో, పాడుకున్నవాడు ఏ రాష్ట్రంలో ఉన్నాడో ఆ దేవుడికే తెలియాలి. కంప్యూటరుకి సిగ్గేముంటుంది?

పెకాన్ చెట్ల కింద బల్లల దగ్గర ముసలాళ్ళు డామినోలతో ‘నలభై రెండు’ ఆట ఆడేవారు. కోర్టు లోపల ఏం జరుగుతోందో ప్లీడర్ల కంటే ముందు వాళ్ళకి తెలిసేది. జ్యూరీకి పిలుపొస్తే తొలి రోజుకి ఆరు డాలర్లిచ్చేవారు. ఆ డబ్బు ఎదురు హోటల్లో భోజనానికి సరిపోతే గొప్ప. అయినా పత్తి రైతూ, బ్యాంకు మేనేజరూ, బడి టీచరూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు. 2023లో ఆ భత్యం తొలి రోజుకి 20, తరవాత రోజుకి 58 డాలర్లు చేశారు. మంచిదే. మా రోజుల్లో చెయ్యాల్సింది.

అయితే పాతవాళ్ళంతా బుద్ధిమంతులనీ, భవనాల్ని కళ్ళలో పెట్టుకుని చూశారనీ అనుకోకండి. మధ్యలో ఒక తరానికి నవనాగరికం పిచ్చి పట్టింది. వార్టన్ కౌంటీవాళ్ళు 1889 నాటి తమ కోర్టుకి గోపురం తీసేసి, ఒళ్ళంతా గచ్చు మెత్తించి పెట్టెలా చేశారు. 2007 దాకా ఆ ముసుగులోనే ఉంది పాపం. మెకిన్నీలో 1870ల నాటి కాలిన్ కౌంటీ కోర్టుని 1927లో రూపురేఖలు మార్చేశారు. మా పక్కనున్న హిల్ కౌంటీ సంగతి వేరు. హిల్స్‌బరోలో 1890 నాటి కోర్టు 1993 జనవరి 1న కాలిపోయింది. గోపురం కూలిపోయింది. ఆ కౌంటీలోనే పుట్టిన పాటగాడు విల్లీ నెల్సన్ కచేరీ చేసి విరాళాలు పోగుచేశాడు. పట్టుబట్టి మళ్ళీ కట్టి 1999లో తెరిచారు. ఇంకో ఊరైతే ఈ సాకుతో ఊరి బయట రేకుల షెడ్డు వేసుకునేది.

1998లో టెక్సాస్ పాత కోర్టులన్నీ ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాకెక్కాయి. ఆ మరుసటేడు రాష్ట్రం కళ్ళు తెరిచింది. కోర్టుల పునరుద్ధరణకి పథకం పెట్టి, మొదటి విడతగా 5 కోట్ల డాలర్లు కేటాయించింది. అప్పట్నించి ఇప్పటిదాకా డెబ్బైకి పైగా కోర్టులు మళ్ళీ కొత్త పెళ్ళికూతుళ్ళయ్యాయి. మాదీ ఆ వరసలోనే బాగుపడింది. అట్టముక్కలు ఊడదీశారు, మూసిన గాలి దారులు తెరిచారు, పాత రంగులేమిటో గోడలు గీకి చూసి మరీ అవే వేశారు. పనివాళ్ళ నేర్పుకి వంక పెట్టేందుకు నాకు నోరు రాదు.

ఆ గీకుళ్ళలోనే ఒకటి బయటపడింది. కింది అంతస్తులో, ఒకప్పుడు మంచినీళ్ళ కుళాయి ఉన్న చోట గోడ మీద, రంగు పొరల అడుగునించి ‘నీగ్రోస్’ అన్న అక్షరాలు లేచాయి. నల్లవాళ్ళకి వేరే కుళాయి ఉండేదన్నమాట. చెరిపెయ్యాలా, ఉంచాలా అని చర్చ జరిగింది. ఉంచారు. నేను వచ్చేనాటికి ఆ కుళాయి లేదు, ఆ చట్టాలూ లేవు. నేను ఏళ్ళ తరబడి నడిచింది ఆ గోడ పక్కనించే. రంగు కింద ఏముందో తెలియకుండానే నడిచాను. ఊరందరిదీ ఆ కచేరీ అని ఇందాకట్నించీ గొప్పగా చెబుతున్నానే, ఆ ‘అందరూ’ ఎవరో ఆ గోడ చెబుతోంది. పత్తి ఏరినవాళ్ళలో చాలామంది నల్లవాళ్ళు. ఆ పత్తి డబ్బుతో లేచిన భవనంలో వాళ్ళకి చోటు ఆ మూల.

నా అసలు బాధ ఇక్కడే మొదలవుతుంది. అందరికీ ఒకే తలుపు, ఒకే కుళాయి, ఒకే బెంచీ కావడానికి అన్నేళ్ళు పట్టింది. తీరా అయ్యేసరికి లోపలి పనిని బయటికి సాగనంపారు. కోర్టులూ, క్లర్కు ఆఫీసులూ పక్క వీధిలో కొత్త భవనానికి వెళ్ళిపోయాయి. పాత భవనంలో కమిషనర్ల కోర్టు మాత్రం కూర్చుంటుంది. పేరుకి కోర్టుగానీ అది మన జిల్లా పరిషత్తు లాంటిది. రోడ్లూ, పన్నులూ, బడ్జెట్టూ తేల్చేది అక్కడే. తక్కిన గదులు నిశ్శబ్దం. నాలుగు మూలల్లోంచి నాలుగు వాకిళ్ళలో జనం వచ్చిపోయేందుకు గోర్డన్ కట్టిన భవనం అది. అటు వీధివాడు ఇటు వీధికి పోవాలంటే కోర్టులోంచి అడ్డదారిన పోయేవాడు.

ఇప్పటి కోర్టులు ఏ ఊళ్ళో చూసినా ఒకటే. ఒక్క తలుపు. తలుపు దగ్గర లోహం పసిగట్టే చట్రం. బెల్టు తియ్యి, గాజులు తియ్యి, పర్సు ట్రేలో పెట్టు. లోపల గాజుపలక, పలకకి సొరంగం లాంటి కంత, కంత వెనక గుమాస్తా. పేరు చెప్పుకోలేను గానీ ఒక కౌంటీలో ఈమధ్య పాత సంపుటం అడిగితే, “అవన్నీ స్కాన్ అయిపోయాయి మేడమ్, ఇంట్లోంచే చూసుకోవచ్చుగా” అని అవతలి కిటికీకి పొమ్మన్నాడో అబ్బాయి. చూశానయ్యా! స్కాన్ చేసినవాడు పుస్తకాన్ని సరిగ్గా విప్పకుండా పెట్టాడు. మార్జిన్లో ఉన్న సంపుటం నంబరు సగం మడతలో పోయింది. తగాదా ఏ పుటలో మొదలైందో చెప్పేది ఆ నంబరే. పుస్తకమెక్కడుందంటే ఎక్కడో గిడ్డంగిలో ఉందిట.

మెకిన్నీ సంగతి మన ఫ్రిస్కో, ప్రాస్పర్ వాళ్ళకి నాకంటే బాగా తెలియాలి, చాలామంది ఉంటున్నది అదే కాలిన్ కౌంటీలో కాబట్టి. 1979లో కోర్టులు అక్కణ్ణించి వెళ్ళిపోయాయి. చాలా ఏళ్ళు పాడుపడి, 2006లో ఆ భవనం కళాప్రదర్శనశాలగా తెరుచుకుంది. జడ్జి కూర్చున్న హాల్లో ఇప్పుడు నాటకాలు, పాటకచేరీలు. మా మనవరాలు నన్నొకసారి తీసుకెళ్ళింది.

“అమ్మమ్మా, కూలిపోకుండా బతికింది కదా, ఇంకా ఏంటి నీ గొడవ?” అంది.

“బతికిందే, కానీ ఉద్యోగం పోయింది కదే” అన్నాను.

“నువ్వూ రిటైరయ్యావుగా, బతకట్లేదా?”

ఈకాలం పిల్లలతో వాదించలేం. దాని మాటలో కొంత నిజం లేకపోలేదు. డెంటన్‌లో 1896 కోర్టులో మ్యూజియం పెట్టారు, భవనం నిలిచింది. పాత భవనాల్లో చక్రాల కుర్చీవాళ్ళు మెట్లెక్కలేక వాకిట్లో ఆగిపోయేవారు, ఎవడో గుమాస్తా దయతలిచి కాగితాలు కిందికి తెచ్చేవాడు. వాళ్ళ హక్కుల చట్టం వచ్చాక దయతో పని లేకుండా వాలుబాటలూ లిఫ్టులూ వచ్చాయి. నాలాటి మోకాళ్ళవాళ్ళకి అది వరమే. పేరు కొడితే ముప్పై ఏళ్ళ దస్తావేజులు క్షణంలో తెర మీదికొస్తాయి. మేం రోజంతా వెతికేవాళ్ళం. కోర్టు గదుల్లో తుపాకులు పేలిన రోజులొచ్చాక తలుపు దగ్గర తనిఖీ వద్దనడానికి నేనెవర్ని? ఇవన్నీ ఒప్పుకుంటాను.

ఒప్పుకోనిది ఒకటే. బాగుచేసే డబ్బుంటే పనిచేయించే డబ్బు లేదనడం. లిఫ్టు కొత్త భవనంలోనే పెట్టాలని ఏ చట్టమూ చెప్పలేదు, పాత భవనంలోనూ పెట్టారుగా. రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కిస్తే పుస్తకం గిడ్డంగికి పోవాలని ఎవరన్నారు? ఊరంతా పన్నులు కట్టి గ్రానైటుకి మెరుగు పెట్టించి, ఊరివాడికి లోపల ఒక్క పనీ లేకుండా చేస్తే, అది ఊరేగింపుకి మాత్రమే బయటికి తీసే ఉత్సవ విగ్రహం అవుతుంది. పైగా పని లేని భవనానికి రేపు మళ్ళీ కప్పు కారితే బాగుచెయ్యమని అడిగేవాడెవడు? 1990ల్లో ఈ కోర్టుల కోసం గొంతెత్తినవాళ్ళలో రోజూ ఆ గడప తొక్కినవాళ్ళు ఎంతోమంది. ఫోటో దిగి వెళ్ళిపోయినవాడు బాండ్లకి ఓటెయ్యడానికి రాడు.

నేనడిగేది పెద్దదేం కాదు. ప్రతి పాత కోర్టులోనూ కింది అంతస్తులో ఒక్క గది, ఒక్క బల్ల, ఒక్క గుమాస్తా. పెళ్ళి లైసెన్సులు అక్కడే ఇవ్వండి. పశువుల ముద్రలు అక్కడే రాయండి. మొదటి మంగళవారం వేలం ఆ మెట్ల మీదే, నలుగురూ చూస్తుండగా పాడండి. చేతిరాత సంపుటాల్లో కొన్నయినా ఆ గదికి తిరిగి తెచ్చి, అడిగినవాడికి తెరిచి చూపించండి. ఎవడి తాత నేల ఎవడి చేతిలో పడిందో, ఎవరికి ఏ గోడ దగ్గర చోటిచ్చారో, అన్నీ అక్కడే చూసుకుంటారు. గుమాస్తాకి జీతమివ్వడానికి బడ్జెట్లో చోటు లేదంటారేమో. ఆ దస్తూరీ చదవడం వచ్చినదాన్ని, ఖాళీగానే ఉన్నాను. పాత జ్యూరీ రేటు, రోజుకి ఆరు డాలర్లు, ఇచ్చినా వస్తాను. కుర్చీ మాత్రం మంచిది వెయ్యమనండి.